దక్షిణపు గోడ గురించి నేను రాస్తున్న వీలునామా

కీర్తిశేషులు సుబ్బరాయుడు గారి భార్యనైన భాగీరథమ్మ అనే నేను, వయసు అరవై ఏడు, నివాసం బెంగళూరు కాటన్‌పేట, నా చేత్తో నేనే తెలుగులో రాసిపెడుతున్న వీలునామా. దీనికి ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాసినట్టు ఎవరైనా కాగితం చూపిస్తే అది నాది కాదని తెలుసుకోవాలి.

స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ, భయమూ లేకుండా రాస్తున్నానని మొట్టమొదట రాయాలన్నాడు లాయరు. బుద్ధి స్థిరంగానే ఉంది. బలవంతం లేదు. ప్రలోభం లేదు. భయం లేదని మాత్రం నా చెయ్యి రాయనంటోంది. ఎల్లుండి గురువారం నాడు నా గుండె కోసి, లోపల పాడైన కవాటం తీసి కొత్తది పెడతారట. దానికి భయం. పక్కింటి చెన్నరాయప్ప అంటే అంతకంటే భయం. ఈ రెండింటినీ మించిన భయం ఇంకొకటి ఉంది, దాని కోసమే ఈ కాగితం. భయపడి రాశానంటే కోర్టులో నిలవదమ్మా అన్నాడు లాయరు. కాబట్టి ఇలా రాస్తున్నాను: నన్ను ఎవరూ భయపెట్టి ఇది రాయించలేదు. భయం నాదే, రాత నాదే.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా ఏకైక కుమార్తె అంబికది. వయసు నలభై ఒకటి, ఉద్యోగమూ అద్దె ఇల్లూ బ్రూక్‌ఫీల్డ్‌లో. తోడుగా ఇంకొకరి పేరు కూడా పెట్టమని లాయరు అంటే వద్దన్నాను. అంబిక ఎవరికీ జంకదు. నా కడుపున పుట్టిన పిల్లకు ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. బల్లి మీద పడితే నేను వీధిలోకి పరిగెత్తేదాన్ని, ఆరేళ్ళ పిల్ల దాన్ని చీపురుతో ఎత్తి బయట వేసి వచ్చేది. అంబికా, కింద రాసినవి విని నీకు కోపం వస్తుంది. రానీ. కోపం వచ్చినా రాసినట్టే చెయ్యి.

2. నా స్థిరాస్తి ఒక్క ఇల్లు. మా మామగారు కృష్ణప్ప గారు కట్టించింది, నా భర్త నా పేర రాసిచ్చింది, ఇంటి పన్ను ఖాతా నా పేరుమీదే ఉంది. కింద దారం రీళ్ళ అంగడి, మూతబడి నాలుగేళ్ళయింది. పైన రెండు గదులూ వంటిల్లూ. చెక్కుబందీ: తూర్పున వీధి, పడమర సందు, ఉత్తరాన అట్టపెట్టెల గోడౌను, దక్షిణాన చెన్నరాయప్ప ఇల్లు. మూడు దిక్కుల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రాయవలసిందంతా దక్షిణం గురించే.

చెన్నరాయప్పకు డెబ్బై మూడేళ్ళు. గోనెసంచుల వ్యాపారం చేసి మానుకున్నాడు. భార్య నేత్రావతి నాకంటే నాలుగేళ్ళు చిన్నది. పిల్లలు లేరు. మనిషి ఆజానుబాహుడు, గొంతు అంతకంటే పెద్దది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారం, 'ఏమమ్మా, కాఫీలు అయినాయా?' అని వీధిలోంచి పలకరిస్తే నా చేతిలో చెంబు జారి మెట్ల మీదుగా అతని కాళ్ళ దాకా దొర్లింది. ఆ రోజు నుంచీ అంతే. అతను నన్ను ఏ రోజూ చెడ్డ మాట అనలేదు. అయినా ఆ గొంతు వినబడితే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాను.

3. పైన చెప్పిన నా ఇంటికీ చెన్నరాయప్ప ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఇటుకా సున్నంతో కట్టినది, ముప్పై ఎనిమిది అడుగుల పొడవు, అడుగున్నర మందం. మా స్థలంలో మా మామగారు కట్టించినది కాబట్టి హక్కు మాది. చెన్నరాయప్ప తండ్రి ఆ తర్వాత ఇల్లు కట్టుకున్నాడు. వేరే గోడ ఎత్తే తాహతు లేక, దూలాలు మీ గోడ మీద ఆనించుకుంటామని అడిగాడు. మా మామగారు సరేనన్నారు. ఏడు దూలాల కొసలు ఇప్పటికీ ఆ గోడలో దిగి ఉన్నాయి.

కాగితం రాసుకోలేదు. కాగితానికి బదులు ఒక ఆచారం పెట్టుకున్నారు. ఏటా దీపావళి వెళ్ళిన మరునాడు, పాడ్యమి పొద్దున, ఆ ఇంటి కోడలు తట్టలో ఆకూ వక్కా కొబ్బరికాయా రవికగుడ్డా పెట్టుకుని మా గడప దగ్గరికి వస్తుంది. 'మీ గోడ మీద మా ఇల్లు ఉండాది, చల్లగా చూడండి' అంటుంది. మా ఇంటి కోడలు తట్ట అందుకుని 'ఉండనీ' అంటుంది. గోడ తాంబూలం అనేవాళ్ళం దాన్ని. గోడ మాదని వాళ్ళు ఒప్పుకున్నట్టు, దాని జోలికి పోమని మేము మాట ఇచ్చినట్టు. వినేవాళ్ళకు పిచ్చిగా ఉంటుందేమో, డెబ్బై ఏళ్ళు రెండు ఇళ్ళూ ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

మా అత్తగారి తర్వాత నేను నేత్రావతి చేతి నుంచి ఇరవై తొమ్మిది సార్లు ఆ తట్ట అందుకున్నాను. ఎప్పుడూ ఆకుపచ్చ రవికగుడ్డే తెచ్చేది. అదేం రంగు పిచ్చే తల్లీ అని నేను ఆటపట్టిస్తే, 'మా ఆయన గోనెసంచుల్లో మట్టిరంగు చూసీ చూసీ కండ్లు పోయినాయి వదినా, నువ్వయినా పచ్చగా ఉండు' అనేది. ఆమె మొగుడంటే భయం గానీ నేత్రావతి అంటే నాకు ఎంత చనువో!

2014లో నా భర్త పోయారు. ఆ ఏడు పాడ్యమి నాడు నేను తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, తలుపు బార్లా తీసి కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. నేత్రావతి రాలేదు. మరుసటి ఏడూ కూర్చున్నాను. రాలేదు. మూడో ఏడు తలుపు తీయలేదు.

మొగుడు పోయిన ఆడదానికి చెప్పుకునేదేమిటి, ఇక గోడ మనదే అనుకున్నారని నేను తీర్మానించుకున్నాను. కడుపు మండిపోయింది. మాటలు మానేశాను. నేత్రావతి ఎదురైతే కొంగు సర్దుకుంటున్నట్టు తల తిప్పుకుని వెళ్ళేదాన్ని. రెండేళ్ళ కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. మెట్లు దిగి పది అడుగులు వేస్తే వాళ్ళ గడప. చూడడానికి వెళ్ళలేదు నేను. వెళ్ళలేదు అంటే వెళ్ళలేదు, దీనికి సంజాయిషీ రాయను.

4. మా ఇంట్లోనూ చెన్నరాయప్ప ఇంట్లోనూ పని చేసే పుల్లమ్మకు నా కుట్టుమిషను, దాని స్టూలు, అంగడిలో మిగిలిన దారం రీళ్ళన్నీ చెందాలి. మిషను ఎడమవైపు కాలు కుంటుతుంది, కింద అట్టముక్క పెట్టుకోవాలి. పుల్లమ్మ పోయిన ఏడే సంతకం నేర్చుకుంది. ఈ వీలునామాకు సాక్షి సంతకం తనే పెడతానని నిన్నటి నుంచీ పేచీ. ఆస్తి అందుకునేవాళ్ళు సాక్షి సంతకం పెడితే వాళ్ళకిచ్చింది చెల్లదని లాయరు చెప్పాడు. సంతకం కావాలా, మిషను కావాలా తేల్చుకోవే అంటే కాసేపు నిజంగానే ఆలోచించి, 'మిషనే ఈండమ్మా' అని మూతి ముడుచుకుని పోయింది. సంతకం ఇంకెక్కడైనా పెడుదువు గానీ లేవే.

5. ఇల్లు అమ్మడం గురించి. నాకు మెట్లు ఎక్కితే ఆయాసం మొదలై రెండేళ్ళయింది. ఈ ఇల్లు అమ్మి, బ్రూక్‌ఫీల్డ్ వైపు మెట్లు లేని చోట సొంత ఇల్లు కొని, ఇద్దరం ఒకచోట ఉండాలని అంబిక ఆశ. నాకూ అదే ఆశ. నా భర్త అన్నగారి కొడుకు హేమంత్‌కుమార్ స్థలాల బేరాలు కుదురుస్తుంటాడు. అతనే కొనేవాళ్ళను తెచ్చాడు. ఇల్లంతా పడగొట్టి అయిదు అంతస్తుల గోడౌను కడతారట.

మే నెలలో వాళ్ళ ఇంజనీరు వచ్చాడు. దక్షిణపు గోడ మీద చేత్తో తట్టి, ఈ గోడ పూర్తిగా మీదేనా, అవతలి ఇంటిది ఏమైనా దీని మీద ఆని ఉందా అని నన్నే అడిగాడు. అతను మెట్లు ఎక్కక ముందే హేమంత్ నా చెవిలో వేశాడు: 'చిన్నమ్మా, దూలాల మాట ఎత్తినావంటే వాళ్ళు లేసి ఎల్లిపోతారు. గోడ మాది అను, అంతే సాలు.' నేను అంతటితో ఆగలేదు. గోడ మాది, దాని మీద ఎవరిదీ ఏమీ లేదు అన్నాను. పదకొండేళ్ళ మంట ఆ మాటలో ఉంది. చెప్పేశాక వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

1994లో మా వైపు పాత కప్పు తీసేసి, స్తంభాలు లేపి సిమెంటు స్లాబు వేసుకున్నాం. ఆ గోడ ఇప్పుడు మా ఇంటిని మోయడం లేదు, వాళ్ళ ఇంటిని మాత్రమే మోస్తోంది. నాకు ఇది తెలుసు. తెలిసే చెప్పాను. హేమంత్ మీద నెట్టేయడానికి లేదు, అతను చెవిలో చెప్పాడు, నోరు నాది. హేమంత్‌కు నా భర్త చేతి గడియారం ఇవ్వాలి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని దాన్ని చెవికి ఆనించుకుని నిద్రపోయేవాడు. అప్పటి హేమంత్‌కు ఇస్తున్నాను.

6. జూన్‌లో కొనేవాళ్ళ లాయరు కన్నడ పేపర్లో ప్రకటన వేయించాడు: ఫలానా ఇల్లు అమ్మకానికి ఉంది, ఎవరికైనా తకరారు ఉంటే ఏడు రోజుల్లోగా తెలపాలి అని. అయిదో రోజున చెన్నరాయప్ప తకరారు పెట్టాడు. గోడ రెండు ఇళ్ళకూ ఉమ్మడిదని, తన ఒప్పుదల లేకుండా అమ్మడానికి వీల్లేదని. ఉమ్మడిది అనడం పచ్చి అబద్ధం. అది విని నేను ఎగిరెగిరి పడ్డాను. అబద్ధాలాడేవాడు ఎదురుగా ఉంటే నా అబద్ధం నాకు చిన్నదిగా కనిపించింది.

ఆ తర్వాత నా బతుకు బతుకులా లేదు. కొనేవాళ్ళ కారు వచ్చి ఆగితే చాలు, చెన్నరాయప్ప ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక రోజు వీధంతా వినేటట్టు, 'ఇల్లు అమ్ముకో తల్లీ, వద్దనేదానికి నేనెవడు? గోడ ఎట్ల అమ్మతావు? మమ్మల్ని యాడికి పొమ్మంటావు?' అని అరిచాడు. నేను కిటికీలు మూసి, మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. పాలకు దిగడం మానేశాను. కూరగాయలు పుల్లమ్మ తెచ్చేది. మెట్ల మీద ఎవరి అడుగు చప్పుడైనా తలుపు గడియ పడి ఉందో లేదో చూసుకునేదాన్ని. పోలీసులకు చెబుదామని అంబిక అంటే, నీకు దండం పెడతాను, అతను ఇంకా రెచ్చిపోతాడు అని బతిమాలాను. నిజం చెప్పాలంటే పోలీసులు వచ్చి గోడ చూస్తారని కూడా భయం. వాళ్ళు చూస్తే ఏడు దూలాలు కనిపిస్తాయి.

జూలై పదిహేనో తేదీ పొద్దున పదకొండింటికి ఇంజనీరు గోడ మందం చూడాలని యంత్రం తెచ్చి నా పడకగదిలో రంధ్రం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు. ఇల్లంతా ఎర్రదుమ్ము. రెండు నిమిషాలైందో లేదో, గోడకు అటువైపు నుంచి ఒక కేక. మాట లేని గొంతు నుంచి వచ్చిన కేక అది. ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. ఆ తర్వాత మెట్లు అదిరాయి. చెన్నరాయప్ప గదిలోకి వచ్చేశాడు. పిడికిలి బిగించి, చెయ్యి నా మొహం మీదికి ఎత్తాడు. అయిపోయింది అనుకున్నాను. ఇంకేమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి. గుండెలో కవాటం పాడైందని అక్కడే బయటపడింది.

7. తర్వాతి సంగతులు నేను ఇంటికి వచ్చాక పుల్లమ్మ చెప్పింది. ఆ సమయానికి ఆమె పక్కింట్లో నేత్రావతికి ఒళ్ళు తుడుస్తోంది. నేత్రావతి మంచం సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉందట. పుల్లమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: 'పైనుంచి సున్నం పెళ్ళలు పడినాయమ్మా. ఒకటి ఆయమ్మ నోటికాడ పడింది. పక్కకి తిరిగేదానికి కాదు, తుడుచుకునేదానికి చెయ్యి రాదు. కండ్లు మాత్రం ఇంతింత చేసి దూలం తట్టే చూస్తా ఉండాది.'

చెన్నరాయప్ప ఎత్తిన పిడికిట్లో ఉన్నవి ఆ సున్నం పెళ్ళలు. నాకు చూపించడానికి తెచ్చాడు. నేను పడిపోగానే అవి అక్కడే వదిలేసి, ఎదురంగడి టైలరు నాగప్పను కేకేసి, ఇద్దరూ కలిసి నన్ను మెట్లు దింపి ఆటో ఎక్కించారట. నాగప్పను అడిగాను. నిజమే అన్నాడు. ఆటో కదిలేదాకా చెన్నరాయప్ప నా చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడట.

పుల్లమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. ఆ పదకొండేళ్ళలో నేత్రావతి ఒక్క పాడ్యమి కూడా తప్పలేదట. కాలూ చెయ్యీ ఆడినన్నాళ్ళూ తట్ట సర్దుకుని మా మెట్ల కింది దాకా వచ్చి, పైకి ఎక్కకుండానే వెనక్కి వెళ్ళిపోయేదట. 'బొట్టు లేని మనిషికి తాంబూలం ఎట్ల ఇచ్చేది పుల్లమ్మా? ఇస్తే గుండె పగిలి ఏడుస్తాది. ఇయ్యకపోతే ఏమనుకుంటాదో' అనేదట. ఆ తట్ట తెచ్చి వాళ్ళ ఇంట్లో గోడ దగ్గరే పెట్టి, దండం పెట్టుకునేదట. మంచాన పడ్డాక ఆ పని చెన్నరాయప్ప చేస్తున్నాడట. మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేమే అని పుల్లమ్మ మీద విరుచుకుపడ్డాను. 'వాళ్ళ పేరెత్తితే సాలు నన్ను తిట్టేవాళ్ళు కదమ్మా' అంది. అవును, తిట్టేదాన్ని.

భర్త పోయిన ఆడదానికి తాంబూలం ఇవ్వకూడదన్నది నాకు తెలియని ఆచారం కాదు. వేరేవాళ్ళకు నేనే ఇవ్వకుండా తప్పుకున్నాను చాలాసార్లు. నా దాకా వచ్చేసరికి అది గుర్తుకు రాలేదు, గోడ కాజేయడం ఒక్కటే కనిపించింది.

8. ఇది తెలిసి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లోనూ నేను పక్కింటికి వెళ్ళలేదు. భయం అని ఊరుకుంటే అంబిక నమ్ముతుంది, చెన్నరాయప్ప గొంతంటే నాకు ఎంత హడలో దానికి తెలుసు. కానీ ఇప్పుడున్నది ఆ భయం కాదు.

నిన్న హేమంత్ ఒక కాగితం తెచ్చాడు. దక్షిణపు గోడ మీద ఎవరి ఇంటి భారమూ లేదని నేను ప్రమాణం చేస్తున్నట్టు అందులో ఉంది. నేను సంతకం పెడితే చెన్నరాయప్ప తకరారు నిలవదట, నెలాఖరుకు రిజిస్ట్రేషను అయిపోతుందట. ఆ కాగితం ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. ఎల్లుండి నేను ఆపరేషను బల్ల మీదే పోతే, దాన్ని అంబిక ముందు పెడతారు. గోడ తాంబూలం ఉత్త ఆచారమనే అంబిక అనుకుంటుంది, దూలాలు ఇంకా ఆ గోడలోనే ఉన్నాయని దానికి తెలియదు. స్లాబు వేసేనాటికి దానికి పదేళ్ళు. మా అమ్మ చెప్పింది కదా అని సంతకం పెట్టేస్తుంది. గోడ తీసేస్తారు. ఏడు దూలాలూ, వాటి మీది మిద్దే, లేవలేని మనిషి మీద పడతాయి. నన్ను కాల్చి బూడిద చేసిన తర్వాత నా నోటి మాట ఒకరి ప్రాణం తీస్తుంది. నాకున్న పెద్ద భయం ఇదే.

కాబట్టి ఇందుమూలంగా స్పష్టంగా రాస్తున్నాను. ఆ గోడ మీద చెన్నరాయప్ప ఇంటి ఏడు దూలాలు ఆని ఉన్నాయి. ఏమీ లేదని నేను చెప్పింది అబద్ధం. గోడ ఉమ్మడిదని చెన్నరాయప్ప రాసింది కూడా అబద్ధమే, కానీ అది పెళ్ళాం మీద కప్పు కూలకుండా ఆడిన అబద్ధం. నాకు అలాంటి కారణం ఏమీ లేదు.

9. సదరు గోడనూ, గోడ కింది స్థలం అడుగున్నర వెడల్పున ముప్పై ఎనిమిది అడుగుల పొడవునా, చెన్నరాయప్ప భార్య నేత్రావతికి సర్వహక్కులతో రాసి ఇస్తున్నాను. ఆమె తర్వాత చెన్నరాయప్పకు చెందాలి. మిగిలిన ఇల్లూ స్థలమూ, నా నగలూ, బ్యాంకులో ఉన్నదీ అంబికవి. గోడ పోను మిగిలింది కొంటారో మానుకుంటారో కొనేవాళ్ళ ఇష్టం. మానుకుంటే వాళ్ళు బయానాగా ఇచ్చిన టోకెను డబ్బు తిరిగి ఇచ్చెయ్యి. గోడ లేకపోతే వాళ్ళ గోడౌనుకు వెడల్పు చాలదని హేమంత్ మే నెలలోనే లెక్కలు చెప్పాడు, కాబట్టి మానుకుంటారనే నాకు అనిపిస్తోంది. మెట్లు లేని ఇల్లు చెయ్యిజారిపోతుంది అంబికా. నన్ను క్షమించు అని రాయాలో, నీకు చెప్పకుండా అబద్ధమాడినందుకు క్షమించు అని రాయాలో తెలియడం లేదు. రెండూ రాశాననుకో.

10. నేత్రావతికి నా పెళ్ళినాటి వెండి కుంకుమభరిణె కూడా ఇవ్వాలి. పదకొండేళ్ళుగా మూత తీయలేదు, చింతపండుతో తోమి ఇవ్వండి. నా చేతిది శుభం కాదని వాళ్ళ బంధువులు ఎవరైనా గొణిగితే, నేత్రావతి కళ్ళకు చూపించి అడగండి, ఆమె కళ్ళతో సరేనంటేనే ఇవ్వండి.

చెన్నరాయప్ప 1998లో మా ఆయన దగ్గర తీసుకున్న వెదురు నిచ్చెన ఇంకా తిరిగి ఇవ్వలేదు. దాన్ని ఈ వీలునామా ద్వారా అతనికే ఇచ్చేస్తున్నాను. ఎన్నిసార్లు అడగాలనుకుని నోరు పెగలక ఊరుకున్నానో ఆ దేవుడికి తెలుసు.

11. ఇంతవరకూ రాసి ఒకసారి చదువుకున్నాను. వీలునామా నేను పోతేనే చెల్లుతుంది. బతికితే ఇది ఉత్త కాగితం. అంటే నేను చేసిందేమిటి? ఆ మనిషి ఎదుట నిలబడి అబద్ధమాడానని ఒప్పుకునే ధైర్యం లేక, చావును అడ్డం పెట్టుకుని ఒప్పుకుంటున్నాను. ఆపరేషను బాగా జరిగి నేను ఇంటికి వస్తే ఏం చేస్తానో నాకు తెలుసు. దీన్ని ట్రంకు పెట్టె అడుగున దాచేస్తాను. ఇవాళ కాదు రేపు అనుకుంటూ, కిటికీలు మూసుకుని, చివరికి హేమంత్ తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టేస్తాను. అరవై ఏడేళ్ళుగా చూస్తున్నాను కదా నన్ను నేను!

కాబట్టి ఈ చివరి అంశాన్ని నేను బతికుండగానే అమలు జరపాలి. ఈ వీలునామా నకలు ఒకటి ఈ రోజే, ఆసుపత్రికి బయలుదేరక ముందే, చెన్నరాయప్పకు అందాలి. నేను బతికితే ఇదే గోడను దానపత్రంగా నేత్రావతి పేర రిజిస్టరు చేయిస్తాను. చేయించకపోతే ఈ నకలు పట్టుకుని నన్ను నలుగురిలో నిలదీసే హక్కు అతనికి ఇస్తున్నాను. హేమంత్ తెచ్చిన కాగితాన్ని సాక్షుల ముందు ఇప్పుడే చింపేశాను.

అంబికను పిలిచి మొదటి నుంచీ చదివి వినిపించాను. ఎనిమిదో అంశం దగ్గర కిటికీ వైపు తిరిగింది, చివరిదాకా ఇటు తిరగలేదు. నకలు తనే ఇచ్చి వస్తుందేమోనని ఆశపడ్డాను, ఎందుకు దాచాలి. అడిగాను కూడా. అది లోపలికి వెళ్ళి నా చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టి, చెయ్యి అందించి నిలబడింది. ఒక చెయ్యి దాని చేతిలో పెట్టి, నిలబడే రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే అందుకే, ఎవరూ బలవంతం చేసి కాదు. సంతకం పెట్టి, నకలు పట్టుకుని దిగుతున్నాను.

తేదీ: 19 ఆగస్టు 2025, మంగళవారం
స్థలం: కాటన్‌పేట, బెంగళూరు

(సంతకం) భాగీరథమ్మ

పై భాగీరథమ్మ గారు మా ఎదుట ఈ పత్రాన్ని పూర్తిగా చదివి వినిపించి సంతకం చేశారు. ఆమె చూస్తుండగా మేము సాక్షులుగా సంతకాలు చేశాము.

సాక్షులు:
1. (సంతకం) నాగప్ప, టైలరు, ఎదురంగడి, కాటన్‌పేట
2. (సంతకం) అనూష, అంబిక ఆఫీసు సహోద్యోగి, బ్రూక్‌ఫీల్డ్